సిస్టం స్లో అంటే ఏటి?



"సిస్టం స్లోగా ఉందమ్మా. కాసేపు కూర్చోండి."

ఈ మాట మనకు కొత్త కాదు. మీసేవలో వింటాం. బ్యాంకులో వింటాం. రేషను షాపు దగ్గర వింటాం. విని ఏం చేస్తాం? గోడకు చేరబడి కూర్చుంటాం. ఎండ ముదురుతుంది. పక్కనున్న ఆమెతో కష్టసుఖాలు చెప్పుకుంటాం. పొద్దు వాలితే లేచి ఇంటికి వస్తాం. ఆ రోజు కూలి పోయింది. ఆటో డబ్బులు పోయాయి. మర్నాడు మళ్లీ వెళ్లాలి.

స్లో అంటే నెమ్మది. ఇది అందరికీ తెలుసు. కానీ ఏది నెమ్మది? ఎదురుగా ఉన్న యంత్రమా? దాన్ని లోపల నడిపించేదా? తీగలో వచ్చే నెట్టా? ఎక్కడో దూరాన ఉన్న ఇంకో పెద్ద యంత్రమా? సంతకం పెట్టాల్సిన మనిషా? "సిస్టం" అన్న ఒక్క మాటలో ఇవన్నీ దాక్కున్నాయి. ఆ మాట మూట విప్పి చూద్దాం.

ఒకే కంప్యూటరు, మూడు మాటలు

మాడుగుల దగ్గర ఒక పల్లె అనుకుందాం. మాడుగుల ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆ పల్లెలో ఒక మామ్మ ఉంది. ఆమె మనవరాలు విశాఖలో చదువుతోంది. స్కాలర్‌షిప్పుకు ఆదాయం సర్టిఫికెట్టు కావాలి. ఇద్దరూ కలిసి మాడుగుల మీసేవకు వచ్చారు.

మనవరాలు కంప్యూటరు వైపు చూసింది.

"కొత్త కంప్యూటరు మామ్మా! చాలా ఫాస్టు. బొమ్మ టక్కున వచ్చేస్తంది."

మామ్మకు కోపం వచ్చింది.

"ఏటే ఫాస్టు? పొద్దుటేల వచ్చినాం. సూడు, పొద్దు ఎంతెక్కిందో. కాగితం సేతికి రానేదు."

ఆపరేటరు కుర్రాడు నవ్వాడు.

"కంప్యూటరు బాగానే ఉంది మామ్మా. నేను కొట్టిన అచ్చరం వెంటనే పడతంది. సైటే తెరుచుకోట్లేదు."

ఈ ముగ్గురిలో ఎవరిది నిజం? ముగ్గురిదీ నిజమే. మనవరాలు యంత్రం ఎంత వేగమో చూసింది. ఆపరేటరు తన చేతికి యంత్రం ఎంత త్వరగా బదులిస్తోందో చూశాడు. మామ్మ ఇల్లు వదిలిన దగ్గర నుంచి కాగితం చేతికి వచ్చేదాకా లెక్క పెట్టింది. ముగ్గురి దగ్గరా మూడు గడియారాలు ఉన్నాయి. కంప్యూటరు తయారుచేసే కంపెనీ మొదటి గడియారం చూపించి సరుకు అమ్ముతుంది. మనం బతికేది మూడో గడియారంతో.

హల్వా పొట్లం

మాడుగుల అంటే హల్వా. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కొనుక్కుని వెళతారు. కొట్టుకు వెళ్లి అడిగితే ఎంతసేపు పడుతుంది? తూకం వేసి పొట్లం కడతారు. రెండు నిమిషాలు. కొనేవాళ్లకు అది చాలా వేగం.

వండేవాళ్లను అడగండి. గోధుమలు మూడు రోజులు నానాలి. వాటిని రుబ్బి పాలు తీయాలి. ఆ పాలు ఒక రోజు పులియాలి. తరువాత పంచదార, నెయ్యి పోసి పొయ్యి మీద గంటల తరబడి కలియబెట్టాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది.

కొట్టులో రెండు నిమిషాలు. వెనక రోజులు. ముందే వండి పెట్టారు కాబట్టి మనకు రెండు నిమిషాల్లో దొరికింది. కంప్యూటరులో కూడా ఇలాగే జరుగుతుంది. ముందే సిద్ధం చేసి పెట్టిన కాగితం అయితే నిమిషాల్లో వస్తుంది. అప్పుడు వండాల్సిన కాగితం అయితే ఎంత మంచి కంప్యూటరు ఉన్నా వెంటనే రాదు.

2011లో మన రాష్ట్రంలో మీసేవ మొదలైంది. అప్పుడే పనులను రెండు రకాలు చేశారు. ఒకటి ఏ రకం. వివరాలు ముందే కంప్యూటరులో ఉంటాయి. కౌంటరులోనే పావుగంటలో కాగితం ఇవ్వాలి. రెండోది బి రకం. దీనికి ఎవరో విచారణ చేయాలి. అధికారి ఒప్పుకోవాలి. దీనికి రోజుల గడువు ఉంటుంది. ఆదాయం సర్టిఫికెట్టు ఈ రెండో రకంలోది. ఆ సంగతి మామ్మకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఆమె దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, ఇంటికి వెళ్లిపోయేది.

పొయ్యి, గట్టు, గాదె, ఇల్లాలు

ఇప్పుడు యంత్రం లోపలికి వెళదాం. భయం లేదు. లోపల ఉన్నది మనకు తెలిసిన వంటిల్లు లాంటిదే.

వంటింట్లో పొయ్యి ఉంటుంది. కంప్యూటరులో పొయ్యి పేరు ప్రాసెసరు. వంట అంతా దాని మీదే. ఇది ఎంత వేగంగా పని చేస్తుందో గిగాహెర్ట్జ్ అనే కొలతలో చెబుతారు. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల టిక్కులు. ఒక్కో టిక్కుకు కొద్దికొద్దిగా పని జరుగుతుంది. ఇప్పటి యంత్రాల్లో ఒక పొయ్యి కాదు, నాలుగు పొయ్యిలు, ఎనిమిది పొయ్యిలు ఉంటాయి.

పొయ్యి పక్కన గట్టు ఉంటుంది. కోసిన కూరలు, కలిపిన పిండి చేతికి అందేలా దాని మీద పెట్టుకుంటాం. కంప్యూటరులో దీని పేరు ర్యామ్. మెమరీ అని కూడా అంటారు. కరెంటు పోతే గట్టు మీద ఉన్నదంతా పోతుంది.

వెనక గాదె ఉంటుంది. బియ్యం, పప్పు అందులో నిలవ ఉంటాయి. కంప్యూటరులో గాదె పేరు డిస్కు. కరెంటు పోయినా ఇందులోది పోదు. కానీ గాదెకు వెళ్లి తెచ్చుకోవాలంటే ఆలస్యం. పాత డిస్కులో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంది. ఒక ముల్లు దాని మీద వెతుకుతుంది. కొత్తగా వచ్చిన ఎస్‌ఎస్‌డీ డిస్కులో తిరిగేది ఏమీ లేదు. అందుకే అది చాలా చురుకు. పాత కంప్యూటరుకు ఈ ఒక్కటి మారిస్తే చాలు, చాలావరకు కొత్తదానిలా లేచి కూర్చుంటుంది. కొన్నిచోట్ల కొత్త కంప్యూటరు కొనడం కంటే ఇది మేలు.

మరి ఇల్లాలు ఎవరు? ఏ గిన్నె ముందు పొయ్యి ఎక్కాలి, ఏది దించాలి, గట్టు మీద ఎవరికి ఎంత చోటు, గాదె నుంచి ఏది తేవాలి, ఇవన్నీ చూసేది ఆపరేటింగ్ సిస్టం. (ఇల్లాలే ఎందుకు, వంట చేసే మగవాళ్లు ఉండరా అని అడగొచ్చు. ఉండాలి. ఉన్నవాళ్లకు దండం.) విండోస్ ఒక ఆపరేటింగ్ సిస్టం. లినక్స్ ఇంకొకటి. మన చేతిలో ఉన్న ఫోనులో ఎక్కువగా ఉండేది ఆండ్రాయిడ్.

గట్టు చిన్నదైతే ఏమవుతుంది? కూరగిన్నె పెట్టాలంటే పిండిగిన్నె తీసి గాదెలో పెట్టి రావాలి. పిండి కావాలంటే మళ్లీ గాదెకు పరుగు. పొయ్యి ఖాళీగా మండుతుంటుంది. ఇల్లాలు తిరుగుతూనే ఉంటుంది. వంట మాత్రం అవదు. మెమరీ తక్కువ ఉన్న కంప్యూటరులో పది పనులు ఒకేసారి తెరిస్తే జరిగేది ఇదే. పొయ్యి మంచిదే. ఇల్లాలూ మంచిదే. చోటు లేదు.

ముందు నీళ్లా? ముందు అన్నమా?

ఇక్కడే అసలు చిక్కు ఉంది.

ఇంట్లో యాభై మందికి వంట జరుగుతోంది. గుమ్మంలో ఒక చుట్టం వచ్చి మంచినీళ్లు అడిగాడు. ఇల్లాలు ఏం చేయాలి?

వెంటనే లేచి నీళ్లు ఇస్తే చుట్టం సంతోషిస్తాడు. "ఈ ఇంట్లో ఎంత చురుకో!" అంటాడు. కానీ అలాంటి చుట్టాలు నిమిషానికి ఒకరు వస్తే వంట ఆలస్యం అవుతుంది. లోపల అత్తగారు "ఇంకా అన్నం అవనేదా? ఎంత నెమ్మది!" అంటుంది. నీళ్ల కోసం లేవకుండా వంట మీదే ఉంటే అన్నం త్వరగా అవుతుంది. అత్తగారు మెచ్చుకుంటుంది. గుమ్మంలో చుట్టం మాత్రం దాహంతో చూస్తూ ఉంటాడు.

అదే ఇల్లాలు. అవే చేతులు. ఒకరు చురుకు అంటారు. ఒకరు నెమ్మది అంటారు.

ఆపరేటింగ్ సిస్టం చేసేవాళ్లు రోజూ తేల్చుకోవలసింది ఈ సంగతే. మన ఎదుట ఉండే కంప్యూటరు చుట్టానికి ముందు నీళ్లు ఇచ్చేలా చేస్తారు. మీట నొక్కగానే అక్షరం పడాలి. దూరాన ఉండే పెద్ద కంప్యూటరు వంట ముందు అయ్యేలా చేస్తారు. దాన్ని సర్వరు అంటారు. దానికి ఎదురుగా ఎవరూ కూర్చోరు. వేల మంది దరఖాస్తులు వరసగా నడపాలి. విండోస్‌లో ఈ రెండు రకాల సర్దుబాటూ ఉంది. ఎదుటి పనికి ముందు చోటు ఇవ్వాలా, వెనక పనికి సమానంగా ఇవ్వాలా అని ఎంచుకోవచ్చు.

అందుకే "ఏ ఆపరేటింగ్ సిస్టం వేగం?" అని ఇద్దరు వాదించుకుంటే వినేవాళ్లు ముందు ఒకటి అడగాలి. "నీళ్లు అడుగుతున్నారా, అన్నం అడుగుతున్నారా?"

బస్తాలు మోసిన కథ

2007 జనవరిలో విండోస్ విస్టా అనే ఆపరేటింగ్ సిస్టం అందరికీ అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ అందరికీ అలవాటై ఉంది. విస్టా వచ్చాక జనం గోల పెట్టారు. "ఒక చోట నుంచి ఇంకో చోటికి ఫైళ్లు కాపీ చేస్తుంటే చాలా నెమ్మది. ఎక్స్‌పీయే నయం" అన్నారు.

2008లో మైక్రోసాఫ్ట్ కంపెనీలో పనిచేసే మార్క్ రస్సినోవిచ్ దీని కారణం వివరించాడు. అది మన మాటల్లో చెప్పుకుందాం.

ఇద్దరు కూలీలు బెల్లం బస్తాలు మోస్తున్నారు. మొదటివాడు బస్తాలన్నీ వసారాలో పడేసి "అయిపోయింది బాబూ" అన్నాడు. యజమాని సంతోషించాడు. ఆ తరువాత వాడు ఒక్కొక్కటే లోపల సర్దుతున్నాడు. రెండోవాడు ప్రతి బస్తా లోపల సర్ది, చివరి బస్తా కూడా పెట్టాక "అయిపోయింది" అన్నాడు. చూసేవాళ్లకు ఎవడు చురుకు? మొదటివాడే. ఎక్స్‌పీ మొదటి కూలీ. డిస్కు మీద రాయడం ఇంకా పూర్తి కాకుండానే "కాపీ అయింది" అని కిటికీ మూసేది. విస్టా చాలా సందర్భాల్లో రెండో కూలీ. నిజంగా రాసేదాకా కిటికీ తెరిచే ఉంచేది. ఒక్కోసారి పని నిజంగానే ఆలస్యమయ్యేది కూడా. కానీ ముందుగా కోపం తెచ్చింది మాత్రం తెరిచి ఉన్న ఆ కిటికీ.

2008లో కంపెనీ విస్టాను సవరించింది. చాలావరకు మళ్లీ పాత పద్ధతికే వెళ్లింది. జనం చూసే గడియారానికి తల వంచింది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. వసారాలో బస్తాలు ఉండగా వాన వస్తే? బెల్లం కరిగిపోతుంది. కంప్యూటరు "అయింది" అన్నాక కూడా లోపల రాయడం సాగుతూ ఉండొచ్చు. ఆ క్షణంలో కరెంటు పోతే, రాయనిది పోతుంది. సంఘం లెక్కలు పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తారు కదా. "అయింది" అని కనిపించగానే పెన్‌డ్రైవు పీకవద్దు. తీసేస్తున్నాం అని కంప్యూటరుకు చెప్పే మీట ఉంటుంది. అది నొక్కి, తీయొచ్చు అని బదులు వచ్చాకే తీయాలి.

చక్రం తిరుగుతుంటే

మన మనసులో కూడా ఒక గడియారం ఉంది. అది గోడ గడియారంలా నడవదు. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియకుండా చోడవరం కాంప్లెక్సులో పావుగంట నిలబడితే గంటలా ఉంటుంది. "ఇంకో ఇరవై నిమిషాల్లో వస్తుంది" అని ఎవరైనా చెబితే ఆ ఇరవై నిమిషాలూ ఇట్టే గడుస్తాయి.

జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 1993లో రాసిన పుస్తకంలో మూడు కొలతలు చెప్పాడు. కంప్యూటరు సెకనులో పదో వంతులో బదులిస్తే మనకు అది వెంటనే జరిగినట్టే ఉంటుంది. ఒక సెకను దాకా పడితే ఆలస్యం తెలుస్తుంది గానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకు పోతుంది. అప్పుడు ఇంకెంత పడుతుందో చెప్పాలి.

ఎంత పని అయిందో చూపించే పట్టీ మీరు చూసే ఉంటారు. కొంచెం కొంచెంగా రంగు నిండుతుంది. 1985లో బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు ఈ పట్టీని పరీక్షించాడు. పట్టీ ఉంటేనే బాగుందని జనం చెప్పారు. పని అంతే సేపు పట్టినా సరే. కౌంటరు దగ్గర కూడా అంతే. "కూర్చోండి" అన్న మాట కంటే "మీ ముందు ఆరుగురు ఉన్నారు, అరగంట పడుతుంది" అన్న మాట మేలు. దానికి కొత్త కంప్యూటరు అక్కర్లేదు. నోరు చాలు.

వెయ్యి రెట్లు పెద్ద గట్టు

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. దానికి కనీసం 4 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు అన్నారు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. దానికి కనీసం 4 గిగాబైట్లు కావాలి. అంటే దాదాపు వెయ్యి రెట్లు. గట్టు వెయ్యి రెట్లు పెరిగింది. మరి వంట వెయ్యి రెట్లు త్వరగా అవుతోందా? లేదు.

1995లోనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ ఈ మాట రాశాడు. యంత్రాలు వేగం పెరిగే కంటే త్వరగా, వాటిలో నడిచే ప్రోగ్రాములు బరువెక్కుతున్నాయని అతని ఫిర్యాదు. ఇల్లు పెద్దదైతే సామాను కూడా పెరుగుతుంది కదా! రంగులు, బొమ్మలు, దొంగలు రాకుండా కాపలా, వెనకాల జరిగే మరమ్మతులు, ఇవన్నీ చేరాయి. కొన్ని మనకు కావలసినవే. తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా కనబడడం కూడా అలా చేరినదే. కొన్ని మాత్రం ఎవరడిగారో తెలియదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ఆగింది. చాలా పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కదు. అప్పుడు రెండు మాటలు వినబడతాయి. కొందరు "కొత్తది కొనండి" అంటారు. కొందరు "లినక్స్ వేసుకోండి. ఉచితం. పాత యంత్రంలో కూడా చురుగ్గా నడుస్తుంది" అంటారు. లినక్స్ 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ కూడా తయారుచేసింది. లినక్స్ చురుకన్న మాట చాలాసార్లు నిజం. కానీ మీసేవ కుర్రాడి దగ్గర వేలిముద్ర పరికరం ఉంది అనుకోండి. దాని ప్రోగ్రాము విండోస్‌లో మాత్రమే నడిచేదైతే, లినక్స్ ఎంత చురుగ్గా ఉన్నా ఆ కౌంటరులో దండగే.

భూమి కాగితాలు, ఒక గంట

ఇది మన రాష్ట్రంలో నిజంగా జరిగింది.

పూర్వం భూమి కొంటే రిజిస్ట్రేషను పెద్ద తతంగం. దస్తావేజును గుమాస్తా పెద్ద పుస్తకంలో చేత్తో తిరిగి రాసుకునేవాడు. ఆ భూమి మీద అప్పు ఉందా, తాకట్టు ఉందా తెలియాలంటే ఈసీ కావాలి. ఈసీ కోసం ఏళ్ల తరబడి పాత పుస్తకాలు తిరగెయ్యాలి. రోజులు పట్టేది.

1998 నవంబరు 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే పథకం మొదలుపెట్టింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. భూమి విలువ, స్టాంపు సుంకం కంప్యూటరే లెక్క కట్టింది. చేత్తో రాసే పని పోయి, దస్తావేజును స్కాను చేయడం వచ్చింది. గంటలో రిజిస్ట్రేషను, నిమిషాల్లో ఈసీ అన్నారు. దేశ విదేశాల్లో దీని గురించి గొప్పగా రాశారు.

2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో వేరే మాట రాశాడు. జనం ఇంకా దస్తావేజు రాసేవారి ద్వారానే వెళుతున్నారని, పైడబ్బులు ఆగలేదని, చెప్పినంత మార్పు రాలేదని అతని వాదన.

ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడారా? నాకు అలా తోచదు. ప్రభుత్వం గడియారం కాగితం కౌంటరులోకి వెళ్లినప్పుడు మొదలైంది. బయటకు రాగానే ఆగింది. ఆ గడియారంలో గంట నిజమే. రైతు గడియారం ఇంటి దగ్గరే మొదలైంది. దస్తావేజు రాసే అతన్ని పట్టుకోవాలి. సాక్షులను తేవాలి. వరసలో నిలబడాలి. కంప్యూటరు కౌంటరు లోపలి పనిని చురుకు చేసింది. కౌంటరు బయట ఉన్న దారిని అది ముట్టుకోలేదు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమిని తన పేరు మీద చేయించుకోవడానికి వెళ్లే ఆడమనిషికి ఆ బయటి దారే పొడవు.

బాబూ, ఏది స్లో?

మళ్లీ మాడుగుల కౌంటరు దగ్గరికి వద్దాం. "సిస్టం స్లో" అన్నారు. ఊరుకోవద్దు. మర్యాదగానే అడగండి.

"బాబూ, మెషిను స్లోనా, నెట్టు స్లోనా, సర్వరు స్లోనా?"

ఈ మూడింటికీ తేడా తెలిస్తే మన రోజు దక్కుతుంది.

మెషిను నెమ్మది అంటే ఆ కౌంటరులోని యంత్రమే మొరాయిస్తోంది. బాణం గుర్తు కదలదు. కొట్టిన అక్షరం ఆలస్యంగా పడుతుంది. అప్పుడు వేరే సెంటరుకు వెళితే పని అవుతుంది.

నెట్టు నెమ్మది అంటే తీగలోనో, టవరులోనో తంటా. అక్షరాలు చకచకా పడతాయి. కానీ పేజీ తెరుచుకోదు, చక్రం తిరుగుతూ ఉంటుంది. వేరే కంపెనీ నెట్టు ఉన్న సెంటరులో పని జరగొచ్చు. కొండవైపు పాడేరు దారిలో ఉన్న ఊళ్ల వాళ్లకు ఇది బాగా తెలుసు. వాన పడితే ఫోను కూడా మూగబోతుంది.

సర్వరు నెమ్మది అంటే దూరాన ఉన్న పెద్ద కంప్యూటరు దగ్గర చిక్కు. అక్కడ రాష్ట్రమంతా ఒకే గుమ్మం ముందు నిలబడింది. ఆఖరి తేదీ రోజున ఇలా ఎక్కువ అవుతుంది. బయట నుంచి చూస్తే నెట్టు ఆగినట్టే ఉంటుంది. తేడా తెలియాలంటే "వేరే సైటు తెరిచి చూడు బాబూ" అనాలి. వేరేవి తెరుచుకుని ఇది ఒక్కటే తెరుచుకోకపోతే చిక్కు సర్వరుదే. అప్పుడు మాడుగులలో లేదని చోడవరం పరుగెత్తడం దండగ. అక్కడా ఇదే. ఆపరేటరు ఫోను నంబరు తీసుకుని పనికి వెళ్లిపోవడం నయం. సర్వరు లేచాక ఫోను చేసి రావచ్చు.

ఇంకోటి ఉంది. "సిస్టంలో పెండింగు ఉంది" అంటారు. అది వింటే యంత్రం తప్పు అనిపిస్తుంది. చాలాసార్లు అది ఒక మనిషి బల్ల మీద ఆగిన పని. విచారణ కాలేదు, లేదా సంతకం పడలేదు. "ఎవరి లాగిన్‌లో ఉంది బాబూ?" అని అడగండి. ఏ అధికారి దగ్గర ఆగిందో కంప్యూటరులో కనబడుతుంది. రసీదు మీద దరఖాస్తు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఎప్పుడైనా అడగొచ్చు. మనవరాలి చేత ఫోనులో కూడా చూపించుకోవచ్చు.

వేలిముద్ర

మన రాష్ట్రంలో రేషను షాపుల్లోకి 2015 నుంచి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. అక్కడ కూడా "మెషిను తీసుకోట్లేదు" అనే మాట వింటాం. వేలు పెడతాం. చక్రం తిరుగుతుంది. మళ్లీ పెడతాం. వెనకాల వరస గొణుగుతుంది.

ఇక్కడ యంత్రం నెమ్మది కాకపోవచ్చు. కలుపు తీసే చేతులు, అంట్లు తోమే చేతులు, జీడిపిక్కలు కొట్టే చేతులు మనవి. జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. వేలి మీద గీతలు అరిగిపోతాయి. ఆధార్ తీసినప్పటి గీతలతో ఇప్పటివి కలవవు. యంత్రం వెంటనే చూస్తుంది. వెంటనే కాదంటుంది. ఆ షాపులో పెద్ద ఇంజనీరు నిలబడితే "ఎంత చురుకైన మెషినో" అనుకుంటాడు. అతని వేలు మొదటిసారికే ఒప్పుకుంటుంది కదా!

వేలు తుడుచుకుని మళ్లీ పెట్టండి. ఒక వేలు కాకపోతే ఇంకో వేలు పెట్టండి. పది వేళ్లూ ఆధార్‌లో ఉన్నాయి. కంటిపాపతో చూసే యంత్రం ఉందా అని అడగండి. గీతలు బాగా అరిగితే ఆధార్ సెంటరులో మళ్లీ వేలిముద్రలు ఇవ్వొచ్చు. దాన్ని అప్‌డేట్ అంటారు.

చాలా పనులకు ఓటీపీ కూడా ఒక దారి. ఫోనుకు అంకెలు వస్తాయి. అవి చెబితే పని అవుతుంది. నిమిషంలో వస్తాయి. ఆధార్‌కు ఏ ఫోను నంబరు కలిపి ఉందో ఒకసారి చూసుకోండి. చాలా ఇళ్లలో అది కొడుకు నంబరో, అల్లుడి నంబరో అయి ఉంటుంది. అల్లుడు గాజువాకలో డ్యూటీలో ఉంటాడు. ఫోను లాకరులో ఉంటుంది. అంకెలు నిమిషంలోనే వచ్చాయి. వచ్చింది అతని ఫోనుకు.